ఇస్తాంబుల్ పేట కాఫీ కొట్టులో కూర్చునే పద్ధతి

ఇస్తాంబుల్‌కు వచ్చేవారు నన్ను ముందుగా అడిగేది, కాఫీకి ఏ కొట్టు మంచిదని. పేరు చెప్పడం తేలికే. కానీ అక్కడికి వెళ్లి రెండు నిమిషాల్లో కాఫీ రాలేదని విసుక్కుని, వచ్చాక పాలు అడిగి, అడుగున ఉన్న మడ్డి నోట్లోకి పోతే మొహం చిట్లించుకుని బయటపడితే ఆ తప్పు కొట్టుది కాదు. ఇక్కడి పేట కాఫీ కొట్టులో సగం పని కాచేవారిది, సగం పని తాగేవారిది. ఆ రెండో సగం గురించే ఇది రాస్తున్నాను. నేను ఉండేది ఆసియా గట్టున, కాదికొయ్‌లోని యెల్దెయిర్మెని పేటలో. మా వీధి చివర ఉన్న కొట్టునే చాలావరకు మనసులో పెట్టుకుని చెబుతున్నాను. దాని పేరు చెప్పను, అయిదు బల్లలే ఉన్నాయి, నాకు చోటు మిగలాలి.

ముందు సరైన తలుపు తోయాలి. కాఫీ పేరు బోర్డు మీద ఉన్నంత మాత్రాన లోపల తాగేది కాఫీ అని కాదు. కహ్వెహానె అనే పాత తరహా చోట్లలో మగవాళ్లు పూటంతా టీ తాగుతూ, ఓకెయ్ అనే ఆట పలకలు పేర్చుకుంటూ, తావ్లా పాచికలు విసురుతూ కాలం గడుపుతారు. ఆడవాళ్లు వెళ్లకూడదని నియమం ఏదీ లేదు. నేను వెళ్లి కూర్చున్నాను కూడా. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ గొంతులు తగ్గించారు, పలకల చప్పుడు ఆగింది. వాళ్ల సాయంత్రం పాడు చేయడం ఇష్టం లేక మళ్లీ వెళ్లలేదు. రెండో రకం, ఎస్ప్రెస్సో యంత్రాలూ ల్యాప్‌టాప్‌లూ ఉండే కొత్త కేఫ్‌లు. అక్కడ టర్కిష్ కాఫీ పట్టికలో ఒక మూల ఉంటుంది, చాలాచోట్ల మీట నొక్కితే కాగే కరెంటు గిన్నెలోంచి వస్తుంది. చెడ్డదని అనను గాని, దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు.

మనకు కావలసింది మూడో రకం. పొయ్యి గల్లా పక్కనే కనబడుతుంది, ఒక మూల పొడి ఆడించే మర ఉంటుంది, పొట్టి ముక్కాలిపీటలు వీధిలోకి కూడా జరిగి ఉంటాయి. లోపల కూర్చున్నవాళ్లలో ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు, కూరగాయల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆడవాళ్లు కలిసి కనిపిస్తే నిశ్చింతగా వెళ్లవచ్చు. ధరల పట్టిక తలుపు దగ్గర, బల్లల మీద పెట్టాలన్న నియమం ఉంది. లేకపోతే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ ధరలు మారే వేగానికి నేను ఇప్పుడు అంకె రాస్తే మీరు చదివేసరికి పాతబడిపోతుంది.

కిటికీలో పెద్ద ఇత్తడి పళ్లెం నిండా వేడి ఇసుక పోసి, అందులో గిన్నెలు తిప్పుతున్న కొట్టును చూసి ఆగిపోకండి. ఇసుక వేడి అన్ని వైపులా సమంగా తగులుతుందన్న మాట నిజమే, కాచేవాడు ఓపికమంతుడైతే కాఫీ బాగానే వస్తుంది. కాకపోతే పర్యాటకులు ఎక్కువగా తిరిగే వీధుల్లో ఆ పళ్లెం ఫొటోల కోసం పెట్టిందే. నిప్పుల మీద నిదానంగా కాచేవాడు దొరికితే వదలకండి. మామూలు గ్యాసు పొయ్యి సన్నమంట మీద కాచేవాడినీ తక్కువ అంచనా వేయకండి. మా కొట్టాయన గ్యాసు మనిషే.

లోపలికి వెళ్లగానే ‘హోష్ గెల్దినిజ్’ అంటారు. దానికి జవాబు ‘హోష్ బుల్దుక్’. తలూపి ఊరుకున్నా పరవాలేదు, కానీ ఆ రెండు మాటలు అంటే మీ బల్ల తుడిచే చేతిలో వేగం మారుతుంది. కాచే ఆయనను ‘ఉస్తా’ అని పిలవండి. బల్లల మధ్య తిరిగే కుర్రాడు మీకంటే చిన్నవాడైనా ‘అబి’ అంటే సంతోషిస్తాడు, అంటే అన్నా అన్నట్టే. ఆడమనిషి అయితే ‘అబ్లా’, అక్కా అన్నట్టు. వేళ్లతో చిటికె వేయడం, ‘గార్సోన్’ అని కేకేయడం వద్దు. చూపు కలిసేదాకా ఆగి చెయ్యి కొంచెం ఎత్తితే చాలు.

ఇక అసలు విషయం, చక్కెర. ఈ కాఫీలో చక్కెర తర్వాత కలిపేది కాదు. పొడి, నీళ్లు, చక్కెర మూడూ పొయ్యి ఎక్కకముందే జెజ్వె అనే పొడవాటి పిడి ఉన్న చిన్న గిన్నెలో కలుస్తాయి. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి. ‘సాదె’ అంటే చక్కెర లేకుండా. ‘అజ్ షెకెర్లి’ అంటే కొంచెం. ‘ఓర్తా’ అంటే మధ్యస్థం. ‘షెకెర్లి’ అంటే బాగా తీపి. ఏమీ చెప్పకుండా ‘ఒక కాఫీ’ అని ఊరుకుంటే కుర్రాడు అడుగుతాడు; అడగలేదంటే మీరు అడుగు పెట్టిన కొట్టు గురించి అనుమానించండి. మొదటిసారి అయితే ఓర్తా చెప్పండి. పాలూ పంచదారా కలిసిన కాఫీకి అలవాటు పడ్డ నాలుక సాదెను ఒకేసారి తట్టుకోలేదు. చక్కెర లేని కాఫీ తాగేవాడే మొనగాడు అన్నట్టు మాట్లాడేవాళ్లు ఇక్కడా ఉన్నారు, పట్టించుకోకండి. మా కొట్టుకు ఏళ్ల తరబడి వచ్చే రిటైరైన ఓడ మెకానిక్ బాగా తీపిదే తాగుతాడు. ఆయన కప్పు ముందు పెట్టేటప్పుడు ఉస్తా చూపించే గౌరవం ఇంకెవరికీ చూపించడు.

గుంపుగా వెళితే ఇంకో మాట. నలుగురూ నాలుగు రకాల తీపి చెబితే నాలుగు గిన్నెలు, నాలుగు కాపులు. ఉస్తా కాదనడు, కానీ మొదటి కప్పు వచ్చినవారికీ నాలుగో కప్పు వచ్చినవారికీ మధ్య చాలాసేపు పడుతుంది. మొదటి కప్పు చల్లారుతుంటే మర్యాదకు తాగకుండా చూస్తూ కూర్చోవాలి. తెలిసినవాళ్లు బల్ల దగ్గరే గుసగుసగా మాట్లాడుకుని ఒకటో రెండో రకాలకు కుదించుకుంటారు. ఇళ్లలో అయితే ఎక్కువగా అందరూ ఓర్తాకే సర్దుకుంటారు.

కాఫీ చెప్పాక ఫోను పక్కన పెట్టి పొయ్యి వైపు చూడండి. చూడదగ్గది అదే. ఆయన మీరు తాగబోయే ఫింజాన్‌తోనే చన్నీళ్లు కొలిచి జెజ్వెలో పోస్తాడు. ఆ కప్పు చాలా చిన్నది, అందులో పట్టేది 60, 70 మిల్లీలీటర్లు. పిండిలా మెత్తగా ఆడించిన పొడి రెండు చెంచాలు, అంటే దాదాపు 7 గ్రాములు వేస్తాడు. చక్కెర వేసి, ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద పెట్టి, ఇక చెంచా ముట్టడు. కొంతసేపు ఏమీ జరగదు. తర్వాత అంచుల చుట్టూ ముదురు రంగు నురగ వలయంలా కట్టి, మధ్యకు ముడుచుకుంటూ వస్తుంది. నడుమ నల్లగా మిగిలిన చోటు రూపాయి బిళ్లంత అయ్యేసరికి మా ఉస్తా మణికట్టు కదులుతుంది. గిన్నె పైకి లేస్తుంది, నురగ పొంగి అంచు దాకా వచ్చి ఆగుతుంది. ఆ నురగను చెంచాతో తీసి ముందు కప్పుల్లో సమంగా పంచుతాడు. గిన్నెను మళ్లీ మంట మీద ఒక్క పొంగు రానిచ్చి, మిగతాది కప్పు అంచు నుంచి నెమ్మదిగా వంచుతాడు. ఎత్తు నుంచి పోస్తే నురగ విరుగుతుంది. గిన్నెను తెర్లనిస్తే నురగ పోయి, చేదు తేలుతుంది. తేడా అంతా ఆ కొద్ది క్షణాల్లోనే ఉంది. అప్పుడు ఆయనను పలకరించకండి. పొరుగు దర్జీ ఒకరు సరిగ్గా పొంగు వచ్చే వేళకే లోపలికి వచ్చి లోకం కబుర్లు మొదలుపెడతాడు. ఉస్తా తల తిప్పకుండా ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి ఆపుతాడు.

టర్కిష్ కాఫీ సంస్కృతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చినందువల్ల ప్రతి కొట్టులోనూ నురగ నిలుస్తుందని హామీ ఏమీ లేదు, అందుకే మీ కళ్లు పొయ్యి మీద ఉండాలంటున్నాను.

కాఫీతో పాటు చిన్న గ్లాసు నీళ్లు, చాలాచోట్ల లోకుమ్ అనే మెత్తటి మిఠాయి ఒక ముక్క వస్తాయి. నీళ్లు ముందు తాగాలి, నోరు శుభ్రపడడానికి. కాఫీ తర్వాత నీళ్లు తాగితే కాఫీ రుచిని కడుక్కున్నట్టు అనుకునే పెద్దవాళ్లు ఉన్నారు. లోకుమ్ ఎప్పుడు తినాలో ఎవరి ఇష్టం వారిది. నేను చివరికి ఉంచుకుంటాను, ఎందుకంటే చివరి గుటకకే చేదు ఎక్కువ. కప్పు రాగానే నోటికి ఎత్తకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగితే పొడి అడుగుకు దిగుతుంది. చెంచాతో కలపకండి, దిగినదంతా పైకి లేస్తుంది. చెంచా ఇవ్వకపోవడం మరచిపోవడం కాదు. పెదాలు ముందు నురగకు తగిలేలా చిన్న చిన్న గుటకలు వేయండి. కప్పు అడుగున వేలి మందాన మడ్డి మిగులుతుంది, తెల్వె అంటారు. గుటక చిక్కగా, ఇసుకలా తగలగానే ఆపేయాలి. అది ఎంత మిగిలినా పొదుపు చేయాల్సిన పని లేదు. పాలు అడిగితే కొందరు తెచ్చి ఇస్తారు, కొందరు మిమ్మల్ని జాలిగా చూస్తారు. పాలతో కాచినదే కావాలంటే మెనెంగిచ్ అడగండి. కొండ పిస్తా జాతి చెట్టు కాయలతో చేసేది, గాజియాంతెప్ వైపు వాడుక. అసలు కాఫీ గింజ అందులో ఉండదు కాబట్టి నిద్ర పట్టదన్న భయం కూడా లేదు.

ఎంతసేపు కూర్చోవచ్చు? ఒక్క కప్పుకు గంట కూర్చున్నా లేవమనరు. కానీ ఆదివారం పొద్దున పదకొండు దాటాక, తలుపు దగ్గర జనం నిలబడి ఉంటే, ఖాళీ కప్పు ముందు కూర్చుని పుస్తకం చదవడం నాకు సిగ్గనిపిస్తుంది. ఇంకో టీ చెప్పండి, లేదా లేవండి. టీ చెబితే కాఫీ కొట్టును అవమానించినట్టు కాదు. నిజానికి ఈ దేశం కాఫీ కంటే టీ చాలా ఎక్కువగా తాగుతుంది. రీజె కొండల్లో టీ పండుతుంది, కాఫీ గింజ మాత్రం దిగుమతి చేసుకోవాలి. 1970ల చివర్లో విదేశీ మారకం కరువైనప్పుడు కాఫీ దొరకడమే గగనమైంది. శనగలు వేయించి పొడి చేసుకున్న సంగతి మా కొట్టులోని పెద్దలు ఇప్పటికీ చెబుతారు, చెప్పి తమ కప్పు వైపు ఒకసారి చూసుకుంటారు.

పొగ పడనివారు లోపల కూర్చోండి. 2009 జూలై నుంచి కేఫ్‌లలో, కాఫీ కొట్లలో లోపల పొగ తాగడం నిషేధం. ఫలితంగా బయటి పీటలన్నీ సిగరెట్లవాళ్లవయ్యాయి. వీధి చూస్తూ తాగాలంటే పొగకు ఓర్చుకోవాలి, రెండూ కుదరవు.

పక్క బల్లవాళ్లు మాట కలుపుతారు, దానికి సిద్ధపడి వెళ్లండి. ఏ దేశం, ఏం చేస్తారు, పెళ్లయిందా, పిల్లలెందరు, ఈ వరసలోనే వస్తాయి. మనవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. రాజకీయాలు మాత్రం వాళ్లు ఎత్తితే వినండి, మీరు ఎత్తకండి. ఈ నగరంలో కాఫీ కొట్లకూ మాటలకూ పాత లంకె ఉంది. 1550లలో అలెప్పో, డమాస్కస్ నుంచి వచ్చిన ఇద్దరు తహ్తకలె బజారులో మొదటి కొట్లు తెరిచారని చరిత్రకారుడు పెచెవి రాశాడు. నూరేళ్లు తిరగకముందే, 1633లో, నాలుగో మురాద్ సుల్తాను వాటిని మూయించాడు. నలుగురు కూర్చున్న చోట తన మీద మాటలు పుడతాయని ఆయన భయం. మూసినవి మళ్లీ తెరుచుకున్నాయి, మాటలూ ఆగలేదు.

కాఫీ బాగోలేకపోతే ఏం చేయాలి? ముందు అది తప్పో కాదో చూసుకోండి. మడ్డి ఉండడం తప్పు కాదు. కప్పు చిన్నదిగా ఉండడం తప్పు కాదు. నురగ అస్సలు లేకపోవడం, మాడిన వాసన రావడం, సాదె అడిగితే తియ్యగా రావడం తప్పులు. బల్ల దగ్గర నుంచి అరవకుండా కప్పు పట్టుకుని గల్లా దగ్గరకు వెళ్లి చూపించండి. పేట కొట్టులో అయితే ఉస్తాయే ముందు కప్పులోకి చూసి, మీరు నోరు విప్పకముందే వేరే గిన్నె అందుకుంటాడు. సగం తాగాక తీసుకెళ్లడం పద్ధతి కాదు. ఓడరేవు పక్కన, పర్యాటకులను నమ్ముకున్న కొట్లలో వేరే జాగ్రత్త అవసరం. అలాంటి ఒక చోట నేను అడగని సీసా నీళ్లు తెచ్చి మూత తీసి పెట్టి, బిల్లులో కాఫీకి సగం ధర దానికి వేశారు. కాఫీతో వచ్చే చిన్న గ్లాసు నీళ్లకు డబ్బు తీసుకోరు. సీల్ ఉన్న సీసా వస్తే వద్దని అప్పుడే వెనక్కి పంపండి.

కప్పు ఖాళీ అయ్యాక పక్క బల్ల పెద్దావిడ మీ కప్పు వైపు చూస్తోందంటే జోస్యం చెప్పాలని ఉందన్నమాట. ఒప్పుకోండి, పోయేదేమీ లేదు. సాసరును కప్పు మీద బోర్లించి, రెండూ కలిపి గుండ్రంగా తిప్పి, ఒక్కసారిగా తలకిందులు చేసి బల్ల మీద పెట్టాలి. పైన ఉంగరమో నాణెమో పెడతారు. కప్పు చల్లారేదాకా ముట్టకూడదు. తర్వాత కప్పు గోడల మీద మడ్డి జారిన గీతల్లో ఆమె చదువుతుంది. పక్షి కనిపిస్తే కబురు, చేప కనిపిస్తే అదృష్టం, పొడుగు గీత అయితే ప్రయాణం. సాసరు అతుక్కుపోయి ఊడిరాకపోతే మీ కోరిక తీరినట్టే, ఇక చదవక్కర్లేదు. నా కప్పులో ప్రతిసారీ ప్రయాణమే కనబడుతుంది. విదేశీ మొహం చూసి చెప్పే మాట కాదని నేను ప్రమాణం చేయలేను. జోస్యాన్ని నమ్మకు, అలాగని చెప్పించుకోకుండానూ ఉండకు అని వాళ్ల సామెత. డబ్బులు తీసుకుని జోస్యం చెప్పడం మాత్రం 1925 నాటి 677వ నంబరు చట్టం ప్రకారం నేరం. అందుకే కొన్ని కేఫ్‌లు కాఫీ ధర పెంచి, జోస్యం ఉచితమని బోర్డు పెడతాయి. అలాంటి చోట మీరు కొంటున్నది ఏమిటో తెలుసుకుని కూర్చోండి. పేట కొట్టులో పెద్దావిడకు డబ్బు ఇవ్వబోవడం తప్పు. ఒక టీ చెప్పండి.

బిల్లు దగ్గర ఒక చిన్న యుద్ధం ఉంటుంది. ఇక్కడివారితో వెళ్లి మీ వాటా లెక్కపెట్టి ఇవ్వబోతే నొచ్చుకుంటారు. రమ్మన్నవారే ఇస్తారు, వచ్చినవారు నేనిస్తానని పట్టుబడతారు, రెండు మూడు విడతల తర్వాత ఒకరు తగ్గుతారు. తగ్గేది మీరైతే ‘తర్వాతిది నాది’ అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. నిజంగా ఇవ్వాలనుకుంటే చేతులు కడుక్కునే వంకతో లేచి గల్లా దగ్గర ముందే కట్టేయండి. అందరూ చేసేది అదే, అందుకే అందరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. కార్డు తీసుకుంటారు, అయినా చిన్న కొట్టుకు నగదు మేలు. టిప్పు ఇక్కడ పీడించి తీసుకునేది కాదు. మిగిలిన చిల్లర పళ్లెంలో వదిలితే చాలు. వెళ్లేటప్పుడు ఉస్తా వైపు తిరిగి ‘ఎలినిజె సాలిక్’ అనండి, మీ చేతులు చల్లగుండాలి అన్నట్టు. టిప్పు కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది. మూడో నాలుగో రాకకు మీరు కూర్చోకముందే ఆయన తల ఎగరేసి ‘ఓర్తా?’ అని అడుగుతాడు. అప్పటినుంచి ఆ బల్ల మీది.

ఇంటికి పొడి కొనుక్కోవాలంటే ఇలాంటి కొట్టులోనే, మీ ఎదుటే ఆడించమని అడగండి. ఎమినోనులో, సుగంధ ద్రవ్యాల బజారు పక్క సందులో, 1871 నుంచి నడుస్తున్న కురుకహ్వెజి మెహ్‌మెత్ ఎఫెంది దుకాణం ముందు వరస చూసి భయపడకండి, అది చాలా వేగంగా కదులుతుంది. కొత్త పొట్లం చేతిలో వెచ్చగా ఉంటుంది. ఎక్కడ కొన్నా 100 గ్రాములకు మించి వద్దు. ఇంత మెత్తటి పొడికి వాసన త్వరగా పోతుంది. గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టండి. జెజ్వె కొనేటప్పుడు ముచ్చటపడి పెద్దది తీసుకోకండి. ఒక్కరే తాగేవారైతే ఒక్క కప్పు గిన్నే కొనండి. నాలుగు కప్పుల గిన్నెలో ఒక కప్పు కాస్తే నీళ్లు అడుగున పలచగా పరుచుకుంటాయి, నురగ కట్టకముందే తెర్లిపోతుంది.